నోటి వాసన, చాచా ఎడమ చెవి

కంప్రెసర్ రూంలో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఎదుటి మనిషి భుజం తట్టాలి. అతను తల తిప్పి, చెవులకు పెట్టుకున్న మఫ్‌ను ఒక పక్క కాస్త పైకి లేపుతాడు. అప్పుడు మనం రెండు చేతులూ దొప్పలా చేసి నోటి చుట్టూ పెట్టుకుని, దాదాపు అతని చెవికి ఆనించి, మాటకూ మాటకూ మధ్య ఎడం ఇస్తూ చెప్పాలి. అరవడం వల్ల ఉపయోగం లేదు. దూరం నుంచి వేసిన కేక యంత్రాల మోతలో కలిసిపోతుంది. దగ్గరి నుంచి చెప్పిన మామూలు మాట చెవిలోకి పోతుంది. పాల్వంచ దగ్గర నేను పనిచేసే చిన్న ప్రైవేటు యూనిట్‌లో కొత్తగా చేరినవాళ్ళకు వాల్వుల కంటే ముందు నేర్పేది ఇదే.

నాకు నేర్పింది చాచా.

చాచా మా షిఫ్ట్‌లో అందరికంటే పెద్ద ఆపరేటర్. వాళ్ళది తరాలుగా ఖమ్మంలో బట్టలు కుట్టే కుటుంబం. అన్నదమ్ముల్లో ఈయన ఒక్కడే కుట్టుమిషన్ వదిలి ఇటు వచ్చాడు. పాల్వంచలో ఒక గది కిరాయికి తీసుకుని, వారానికోసారి ఇంటికి పోయి వచ్చేవాడు. కుడి చెవి చిన్నప్పటి నుంచే వినబడదు. ఎడమ చెవి నేను చేరేనాటికే సగం పోయింది. యంత్రాల మోత వల్లనేమో అని నేనంటే ఒప్పుకునేవాడు కాదు.

"మోత లేదు గీత లేదు బేటా. మా అబ్బాకు గిట్లనే పోయింది. మా దాదాకు గిట్లనే పోయిందంట. ఖాందానీ ఆస్తి ఇది. పంచుకునేటోడు లేడు, మొత్తం నాకే వచ్చింది" అని గట్టిగా నవ్వేవాడు. ఆయన ఏం మాట్లాడినా గట్టిగానే మాట్లాడేవాడు.

మా అందరికీ కంప్రెసర్ రూం దాటితే మోత ఆగిపోయేది. చాచాకు క్యాంటీన్ కూడా కంప్రెసర్ రూమే, బస్టాండు కూడా కంప్రెసర్ రూమే. ఎక్కడైనా ఆయనకు మాట కావాలంటే ఎవరో ఒకరు ఎడమ చెవి దగ్గరికి రావాలి. మొదట్లో పని గురించి చెప్పడానికి వచ్చేవాణ్ణి. తర్వాత అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన ఎడమ పక్క చోటు నాదైపోయింది. ఫోర్‌మన్ ఎవరిమీద కోపం చేశాడు, నిన్నటి మ్యాచ్ ఏమైంది, బల్లకు ఆ చివర కూర్చున్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారు, అన్నీ నేనే ఆ చెవిలో చెప్పేవాణ్ణి. డిప్లొమాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాణ్ణి కనుక నాకు ఏదైనా వరుసలో చెప్పడం అలవాటు. ముందు ముఖ్యమైనవి, తర్వాత చిన్నవి, చివర పుకార్లు. ఆయన కళ్ళు మూసుకుని, అన్నం నములుతూ వినేవాడు.

నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. "రేడియో ఎటు పోయిండు? జల్దీ పిలువుండ్రి, వార్తల టైమైంది" అనేవాడు.

ఆ చెవి నాకు ఎంత చనువుగా ఉండేదో, మిగతావాళ్ళ చెవులు నాకు క్రమంగా ఎంత దూరమయ్యాయో అప్పుడు గమనించలేదు. గమనించడానికి ఆధారాలు లేక కాదు. నేను భుజం తట్టబోతే ఒకాయన ముందే చేతితో "ఏంది?" అని సైగ చేసేవాడు. ఇంకొకాయన మఫ్ లేపేవాడు కాని తల వెనక్కి లాగేవాడు. ఫోర్‌మన్ నన్ను చూడగానే జేబులోంచి కాగితం తీసి రాయమనేవాడు. వీటన్నిటికీ నేను ఒకే అర్థం తీసుకున్నాను. సైగలైతే పని త్వరగా అవుతుందని వీళ్ళకు తెలిసివచ్చింది అనుకున్నాను. అంతటితో ఆగలేదు. లోడ్ ఎక్కించడానికి ఒక సైగ, దించడానికి ఒకటి, నీళ్ళు వదలడానికి ఒకటి, ఆపేయడానికి ఒకటి, ఇలా బొమ్మలు గీసి గోడకు అంటించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ సైగలన్నీ నాతో మాత్రమే వాడుతున్నారని, వాళ్ళలో వాళ్ళు ఎప్పటిలా చెవిలోనే చెప్పుకుంటున్నారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరం తింటున్నాం. నేను చాచా చెవిలో మ్యాచ్ సంగతి చెబుతున్నాను. ఎదురుగా చండ్రుగొండ నుంచి వచ్చే ఫిట్టరన్న కూర్చున్నాడు. నవ్వించడంలో ఆయనకు ఆయనే సాటి. ఆ పూట కూడా ఎవరో ఏదో అంటే దానికి మాట కలుపుతూ అన్నాడు.

"చాచా మొగోడు రా బయ్. మనతోనైతదా? మా తమ్మి చెప్పే మాట చెవిల పడదు, సక్కగ ముక్కుల పడ్తది!"

బల్ల మొత్తం నవ్వింది. నేను ముందు అర్థం కాక నవ్వబోయాను. అందరూ నా ముఖం వైపు చూసి, చూపు తిప్పుకోవడంతో అర్థమైంది. చాచా వైపు చూశాను. చాచా కూడా నవ్వుతున్నాడు. తల ఊపుతూ, "అవ్ అవ్" అంటూ, నోటినిండా నవ్వుతున్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. నలుగురు నవ్వితే తనకు వినబడకపోయినా వాళ్ళతోపాటు నవ్వడం ఆయన పద్ధతి. నవ్వేశాక నా వైపు వంగి "ఏమన్నరు?" అని అడగడం, నేను చెవిలో చెప్పడం, అప్పుడు ఇంకోసారి నిజంగా నవ్వడం మా ఇద్దరి మధ్య ఎన్నోసార్లు జరిగిన పని. ఆ పూట కూడా ఆయన నా వైపు వంగాడు. "ఏమన్నరు రేడియో?" అన్నాడు. నాకు మాత్రం ఆ నవ్వు ఒక్కటే కనబడింది. ఈయనకు కూడా తెలుసు, ఈయన కూడా నవ్వుతున్నాడు అనుకున్నాను. గిన్నె మూసి లేచి వచ్చేశాను.

సాయంత్రం చేతులు కడుక్కునే చోట ఫిట్టరన్న దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, ఏమనుకోకు. నవ్వులాటకు అన్న."

"నిజమేనా అన్నా?"

ఆయన సబ్బు చేతులు మార్చుకున్నాడు. "కడుపుల వేడుంటది, గంతే. మా బామ్మర్దికి గిట్లనే ఉండె. సోడా తాగిండు, పోయింది."

అది నిజమా కాదా కొలిచి చూద్దామనుకున్నాను. ఏదైనా సరే కొలిస్తే తేలిపోతుందని నా చదువు నాకు నేర్పింది. మా దగ్గర గుంతల్లోకి దిగేముందు లోపలి గాలిని చూడటానికి చేతిలో పట్టుకునే గ్యాస్ మీటరు ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్ ఉంటే అది మోగుతుంది. నోటి దుర్వాసనలో కూడా ముఖ్యంగా ఉండేది ఆ గ్యాసేనని ఫోన్‌లో చదివాను. ఆ మీటరును సరిచూసే పని నాదే. స్టోర్ రూం తలుపు వేసుకుని, మీటరును పెదవుల దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాను. సున్నా. ఇంకోసారి నిదానంగా ఊదాను. సున్నా.

ఆ సున్నాను నేను నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే ఎక్కువ బాధపెట్టేది ఈ చిన్న ముక్కే. ఆ మీటరు మనిషిని చంపగలిగేంత గ్యాస్ కోసం చేసింది. పక్కనున్నవాడు ముఖం తిప్పుకోవడానికి దానిలో వెయ్యోవంతు లాంటి కొంచెం చాలు, అంత కొంచెం దాని లెక్కలోకే రాదు. ఈ విషయం మీటరు పుస్తకంలోనే ఉంటుంది, నాకు తెలుసు. సరుకు తూచే పెద్ద కాటా మీద ఉంగరం పెట్టి, ముల్లు కదల్లేదు కనుక బంగారం లేదన్నట్టు అయింది నా పని. ఇంకోటి కూడా ఉంది. భద్రతా శిక్షణలో మాకు చెప్పిన మొదటి మాట: ఈ గ్యాస్ కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది, వాసన రావడం లేదంటే గ్యాస్ లేదని కాదు, ముక్కును నమ్మొద్దు. అది గుంతల గురించి చెప్పింది కదా అనుకున్నాను.

మీటరు సున్నా అన్నది కనుక పెద్ద జబ్బేమీ కాదు, ఫిట్టరన్న అన్నట్టు కడుపు వేడి అయి ఉంటుంది అని తీర్మానించుకున్నాను. మా ఊరు జూలూరుపాడు దగ్గర. సెలవు రోజున ఇంటికి పోయి అమ్మను అడిగాను.

"అమ్మా, నా నోరు వాసనొస్తదా?"

"నా కొడుకు నోరు నాకు వాసనేంది?"

"నీకు కాదు, మందికి."

"ఏ ముండమోపిది అన్నది గట్ల?" అని కొట్లాటకు లేచింది. అయినా ఆ వారం సంతకు పోయి, అడవి ఊళ్ళ నుంచి వచ్చి వేర్లు, కాయలు అమ్మే ఒకామె దగ్గర కరక్కాయలూ ఉత్తరేణి వేర్లూ తెచ్చి ముందు పెట్టింది. వాసన లేదన్న మనిషే మందు తెచ్చిందని అప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత నేను చేసిన వైద్యం చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. పచ్చి ఉల్లిగడ్డ మానేశాను. ఎల్లిగడ్డ కారం మానేశాను. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి గ్యాస్ మాత్ర. జేబులో ఒక పక్క సోంపు, ఒక పక్క లవంగాలు. కడుపు శుభ్రపడాలని వారానికి ఒక పూట పస్తు. నోరు పుక్కిలించే మంట మందు, రంగు చూసి కొన్నది, రోజుకు ఎన్నిసార్లు గుర్తొస్తే అన్నిసార్లు. ఉత్తరేణి వేరుతో ముందు పళ్ళు తెల్లగా అయ్యాయి. ఇవి చేసినప్పుడల్లా కొద్దిసేపు మంచి వాసన వచ్చేది, దాని కిందనుంచి పాతది మళ్ళీ వచ్చిందని ఎదుటివాళ్ళ తలలు వెనక్కి పోవడంతో తెలిసేది. పస్తున్న రోజు నోరు ఎండిపోయి ఇంకా ఎక్కువయ్యేదని తర్వాత తెలిసింది. ఆ మంట మందు కూడా నోటిని ఎండబెట్టేదే.

ఒకటి మాత్రం చేయలేదు. కింది దవడలో ఎడమ పక్క బ్రష్ పెడితే రక్తం వచ్చేది. చాలా కాలం నుంచి వస్తోంది. పుండు మీద రుద్దకూడదు కదా అని ఆ పక్క బ్రష్ పెట్టడమే మానేశాను. పళ్ళ డాక్టరు దగ్గరికి పోదామా అని ఒకసారి అనిపించి క్యాంటీన్‌లో ఊరికే అడిగినట్టు అడిగాను. బల్ల మీద ఉన్నవాళ్ళందరిదీ ఒకటే మాట. "క్లీనింగ్ మాత్రం చేయించకు తమ్మీ. ఒక్కసారి గీకినరంటే పండ్ల నడుమ సందులొస్తయి, అన్నీ ఊగుతయి." మా చిన్నాయనకు ఊగాయని ఒకరు, మా మేనత్తకు ఊడాయని ఒకరు. సరే, ఉన్న పళ్ళు పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

ఈ కాలమంతా చాచాతో ఏం చేశానంటే, ఫోన్‌లో రాసి చూపించడం మొదలుపెట్టాను.

నాకది మంచి ఉపాయంగా తోచింది. అక్షరాలు పెద్దవి పెట్టుకుని, తెలుగులో కొట్టి, చెయ్యి చాచి ఆయన ముందు పట్టుకునేవాణ్ణి. ఆయన ముక్కుకు నా నోరు దూరంగా ఉండేది. చాచా కళ్ళద్దాలు తీయాలి, చొక్కాతో తుడవాలి, పెట్టుకోవాలి, ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. చదివి తల ఊపేవాడు. పనికి సంబంధించినవి అలా నడిచిపోయాయి. వార్తలు మాత్రం అంత పొడుగు కొట్టడం నాకు కుదరక తగ్గిపోయాయి. ముందు పుకార్లు పోయాయి, తర్వాత చిన్నవి పోయాయి. తర్వాత నేను అన్నానికి కూర్చునే చోటు కూడా మారింది, బల్లకు ఎదుటి పక్కకు. అందరూ నవ్వినప్పుడు చాచా నవ్వేవాడు. నవ్వాక అలవాటుగా ఎడమ పక్కకు వంగేవాడు. అక్కడ వేరే ఎవరో ఉండేవారు. ఆయన మళ్ళీ నిటారుగా కూర్చుని అన్నం కలుపుకునేవాడు.

ఒకసారి నా దగ్గరికే వచ్చి అడిగాడు. "ఏంది బేటా, రేడియో బంద్ అయిందా?"

నేను నోరు మూసుకుని నవ్వి, గొంతు చూపించి, గొంతు నొప్పి అన్నట్టు సైగ చేశాను. ఆయన జేబులోంచి మిరియాల బిళ్ళ తీసి ఇచ్చాడు. తర్వాత మళ్ళీ అడగలేదు.

ఆయన రిటైరయ్యే రోజు రానే వచ్చింది. దండ వేశారు, శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. ఒక్కొక్కరు పోయి ఆయన చెవిలో రెండు మాటలు చెప్పి చెయ్యి కలిపి వచ్చారు. వరుసలో నా వంతు వచ్చేసరికి చాచా దండను పక్కకు జరుపుకుని, తల కుడి పక్కకు వంచి, ఎడమ చెవి నాకు ఇచ్చాడు. నేను బారెడు దూరంలో ఆగి, సలాం చేసి, ముందే కొట్టి పెట్టుకున్న ఫోన్ చూపించాను. "బాగుండు చాచా. ఖమ్మం వస్తా" అని ఉంది. ఆయన దగ్గర అప్పుడు కళ్ళద్దాలు లేవు. అయినా ఫోన్ వైపు చూసి, చదివినట్టే తల ఊపి, నా భుజం తట్టాడు.

పోతానన్నవాణ్ణి పోలేదు. పోతే మాట్లాడాలి కదా అనే భయం.

కొన్ని నెలలకు నా చిగురు వాచింది. అన్నం నమలలేక, మాత్రలతో తగ్గక, కొత్తగూడెంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. నా వయసు ఆమే. కుర్చీలో పడుకోబెట్టి, చిన్న అద్దం లోపల పెట్టి చూసింది. ఆమె మాస్కు వేసుకుంది కనుక ముఖం తిప్పుకుందో లేదో నాకు తెలియలేదు. ఆ మాస్కు నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

"బ్రష్ చేస్తే రక్తం వస్తుందా?"

"వచ్చేది మేడం. అందుకే ఆ పక్క బ్రష్ పెట్టడం మానేసిన."

"ఆ పక్కనే పెట్టాల్సింది." చేతికి అద్దం ఇచ్చి చూపించింది. పళ్ళ వెనక, చిగురు అంచున, గోధుమ రంగులో గార కట్టి ఉంది. పైకి కనబడేది కొంతేనట. చిగురుకూ పంటికీ మధ్య సందు లోతుగా అయ్యి, లోపల కూడా గార పేరుకుందట. "పాచి రోజూ తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. అది చిగురును ఒరుసుకుంటుంది, రక్తం వస్తుంది. లోపల గాలి తగలని చోట పురుగులు పెరుగుతాయి. మీరు అడగలేదు గానీ, వాసన కూడా దాని నుంచే."

నేను అడగలేదు నిజమే. అడగడానికి కొత్తగూడెం బస్సులో కూర్చున్నప్పటి నుంచి మాటలు పేర్చుకుంటున్నాను, నోటికి రాలేదు.

"కడుపు నుంచి కాదా మేడం?"

"అందరూ అదే అంటారు. కడుపుకు పైన మూతలాంటిది ఉంటుంది, ఎప్పుడూ తెరుచుకుని ఉండదు. ఎక్కువమందికి వాసన పుట్టేది నోట్లోనే. చిగుళ్ళు, నాలుక వెనక భాగం, పుచ్చిపోయిన పన్ను. కొందరికి ముక్కు, టాన్సిల్స్. షుగర్ ఉన్నా చిగుళ్ళు తొందరగా పాడైతాయి, ఒకసారి పరీక్ష చేయించండి." నాలుక చాపమంది. "నాలుక గీసుకుంటారా?"

గీసుకోను. చిన్నప్పుడు వేపపుల్లతో తోముకున్నాక దాన్ని నిలువునా చీల్చి నాలుక గీసుకునేవాళ్ళం. హాస్టల్‌కు పోయాక పుల్ల పోయి బ్రష్ వచ్చింది. పుల్లతో పాటు ఆ చీలిక పని కూడా పోయింది. దాని బదులు ఏదీ రాలేదు.

పని దగ్గర దుమ్ము మాస్కు వేసుకుని నోటితో ఊపిరి తీసుకుంటానని కూడా ఆమే అడిగి తెలుసుకుంది. ఉమ్మి ఉంటేనే నోరు తనను తాను కడుక్కుంటుందట, ఎండిపోతే వాసన పెరుగుతుందట. మంట మందు ఆపేయమంది, నీళ్ళు తాగమంది. క్లీనింగ్ వల్ల పళ్ళు ఊగుతాయంటారు కదా అని అడిగితే నవ్వింది. "పళ్ళు ఊగేది గార వల్ల చిగురూ ఎముకా దిగిపోయి. గార తీసేశాక ఆ ఖాళీ బయటపడుతుంది. జనం తీసినవాళ్ళను తిడతారు."

చిగుళ్ళకు మత్తు సూది వేసి, సన్నగా కూతపెట్టే పరికరంతో ఒక రోజు ఒక పక్క, ఇంకో రోజు ఇంకో పక్క లోతుగా గీకింది. నొప్పి కంటే ఆ చప్పుడే ఎక్కువ. తర్వాత కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమన్నాయి. పళ్ళ మధ్య సన్నని బ్రష్ పెట్టి తోమడం, పడుకునేముందు తోమడం, నాలుక గీసుకోవడం నేర్చుకున్నాను. షుగర్ లేదని తేలింది. రక్తం రావడం తగ్గింది, తర్వాత ఆగింది. వైద్యం అంటే ఇంతే. ఇంతేనని తెలిశాక నాకు సంతోషం రావాల్సింది. గార ఉన్నచోట ఏర్పడిన సందులోకి నాలుక పోయినప్పుడల్లా, ఇంత చిన్నదానికా అనిపించేది.

వాసన పోయిందో లేదో మీ ముక్కుకు తెలియదు, నమ్మకమైన మనిషిని అడగండి అని డాక్టరమ్మ చెప్పింది. అమ్మను అడిగి లాభం లేదు. ఫిట్టరన్నను అడిగాను.

ఆయన క్యాంటీన్ నడుమ నిలబడి, చేతులు నడుముకు పెట్టుకుని, "ఊదు" అన్నాడు. అందరూ చూస్తుండగా ఊదాను. కళ్ళు మూసుకుని ఇంకోసారి ఊదమన్నాడు. "ఏం లేదు రా బయ్! ఖాళీ సీసా లెక్కుంది" అని ప్రకటించి, తన చెవి నా వైపు తిప్పి, "ఇగ చెప్పు, ఇన్నొద్దులు దాసిపెట్టినవన్నీ చెప్పు" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. కూర్చున్నాక ఆయనే మెల్లగా అన్నాడు.

"చాచా రిటైరై పొయ్యేముందు నన్ను అడిగిండు తమ్మీ. రేడియోకు నా మీద కోపమా అని."

"నువ్వేం చెప్పినవ్ అన్నా?"

"ఏం చెప్పాలె? గా రోజు నేను అన్న మాట ఆయనకు ఇనబడనే లేదు. ఏమన్నరని నన్ను గూడ అడిగిండు. మళ్ళ చెప్పనీకి నాకు మనసొప్పలే. ఏం లేదు చాచా అన్న."

ఆ ఆదివారమే ఖమ్మం పోయాను. దారిపొడుగునా చెప్పాల్సినవి వరుసలో పెట్టుకున్నాను. ముందు ముఖ్యమైనది. తర్వాత ఇన్నాళ్ళ వార్తలు. చివర పుకార్లు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. చాచీ తలుపు తీసింది. పాల్వంచ నుంచి వచ్చానంటే, "నువ్వు రేడియోవా బేటా?" అంది. లోపల చాచా మంచం మీద కూర్చుని, అన్న కొడుకు దుకాణం నుంచి పంపిన చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. నన్ను చూసి సూది చొక్కాకే గుచ్చి, రెండు చేతులూ చాపాడు. "రేడియో వచ్చిండు! చాయ్ పెట్టు!" ఇల్లంతా వినబడేలా అన్నాడు.

పోయి ఎడమ పక్కన కూర్చున్నాను. చేతులు దొప్పలా చేసి, చెవికి ఆనించి, చెప్పడం మొదలుపెట్టాను. నా నోరు వాసన వస్తుందనే దూరం జరిగాను చాచా, నీ చెవి వల్ల కాదు. ఇంకా చెప్పబోతుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గాలి తగుల్తుంది రా. మాట లేదు."

చాచీ గుమ్మంలోంచి చెప్పింది. "ఇప్పుడేం వినబడ్తలేదు బేటా. మొన్న జ్వరం వచ్చి తగ్గింది. పొద్దుగాల లేచి, కరెంటు పోయిందా, ఫ్యాన్ సప్పుడు లేదు అన్నడు. ఫ్యాన్ తిరుగుతనే ఉంది. దవాఖానాలన్నీ తిప్పినం. చెవిల మెషిన్ పెట్టినా లాభం లేదన్నరు."

చాయ్ వచ్చింది. చల్లారింది. నేను ఫోన్ తీసి, ఇందాక చెవిలో చెప్పిందే అక్షరాల్లో కొట్టాను. చాచా కళ్ళద్దాలు వెతుక్కుని, తుడుచుకుని, పెట్టుకుని, చాలాసేపు చదివాడు.

"వాసనా?" అన్నాడు. "ఉండె. చానా ఉండె." నవ్వాడు. "చిన్నప్పుడు మా దుకాణంల పొద్దందాక కొలతలు తీసేటోళ్ళం బేటా. మెడ కొలత తీస్తుంటే మనిషి ఊపిరి మన మొఖం మీదనే. మొఖం తిప్పినవా, గిరాకీ మళ్ళ రాడు. ఊపిరి ఎట్ల బిగబట్టాలెనో మా అబ్బా ముందుగాల అది నేర్పిండు, తర్వాత కత్తెర పట్టిచ్చిండు. నాకు అదేం పెద్ద సంగతి కాదు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?" అని కొట్టాను.

"చెప్తే దూరం జరుగుతవని చెప్పలే." ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. "చెప్పకున్నా జరిగితివి. చెవిటోనికి చెప్పీ చెప్పీ ఇసిగి యాష్టకొచ్చినట్టుంది పోరనికి అనుకున్న. నేను తప్పు పట్టలే. నా కొడుకులకే యాష్టొస్తది."

ఆయన మళ్ళీ సూది అందుకుని గుండీ పూర్తి చేసి, దారం పంటితో కొరికాడు.

లేచేటప్పుడు చాచా గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ నిలబడి, అలవాటుగా, తల కుడి పక్కకు వంచి ఎడమ చెవి ఇచ్చాడు. నేనూ అలవాటుగానే వంగి, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పాను. ఆయన తల ఊపుతూ, "అవ్ అవ్" అంటూ, నోటినిండా నవ్వాడు. క్యాంటీన్‌లో ఆ రోజు నవ్విన నవ్వే. ఈసారి అది నాకు సరిగ్గా కనబడింది.

చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి పోయాను. ఆ ఒక్క మాటా ఫోన్‌లో కొట్టి, ఆయన కళ్ళద్దాల కోసం వెతుకుతుంటే పక్కనే నిలబడ్డాను.